‘లెర్నింగ్ కర్వ్’ అనే ముందు చేతిలో లెక్క ఉందా?

రఘునాథపల్లి నుంచి హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకు వెళ్లిన ఓ డిగ్రీ కుర్రాడిని ఊహించుకోండి. పొద్దున్నే రైలెక్కాడు. జనగామ దాటింది, పెంబర్తి దాటింది. ఫోన్‌లో ‘ఇంటర్వ్యూలో వాడాల్సిన ఇంగ్లిష్ మాటలు’ అనే వీడియో రెండోసారి చూస్తున్నాడు. అందులో ఒక ముక్క బాగా నచ్చింది: ‘ఇట్ వాజ్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్’. ఏడాదిపాటు మీసేవా కేంద్రంలో ఆపరేటర్‌గా చేశాడు కాబట్టి, ఆ ఉద్యోగం గురించి అడిగితే ఇదే చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

అడిగారు. చెప్పాడు.

“అంటే ఆ పని మీకు కష్టమైందా, తేలిగ్గా వచ్చిందా?” అని ఎదుటి మేడమ్ అడిగారు. ఆమె గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగారు. కుర్రాడికి సమాధానం తోచలేదు. వీడియోలో అక్కడిదాకా చెప్పలేదు మరి!

మీకూ ఇలాంటి సందర్భం ఎదురయ్యే ఉంటుంది. ఇంటర్వ్యూలోనో, ఆఫీసు మీటింగులోనో, అప్రైజల్ ఫారంలోనో ‘అనుభవంతో నేర్చుకున్నాను’ అని చెప్పాల్సి వస్తుంది. తెలుగులో అయితే తడుముకోరు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి పెద్ద మాట ఒకటి పట్టుకుంటారు. ఆ మాట వెనక ఏముందో ఎదుటివాళ్లు అడిగితే ఇరుక్కుంటారు. ఇరుక్కోకుండా ఉండటానికి గ్రామర్ పుస్తకం మొత్తం తిరగేయాల్సిన పని లేదు. ‘లెర్నింగ్ కర్వ్’ అన్న మాట పుట్టింది కొలతల కాగితం మీద. కొలత దగ్గర ఉంటేనే దాన్ని వాడాలి. ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే.

1. ముందు ఆ గీతను ఒక్కసారి కాగితం మీద గీయండి

ఇది గ్రాఫు. అడ్డంగా కాలం, లేదా ఎన్నిసార్లు చేశారన్న లెక్క. నిలువుగా ఎంత బాగా చేయగలుగుతున్నారన్న లెక్క. మొదటి రోజు ఒక చుక్క, పదో రోజు ఒక చుక్క, నెలకు ఇంకో చుక్క. వాటిని కలిపితే వచ్చే వంపే లెర్నింగ్ కర్వ్. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తనే బట్టీ పెడుతూ, ఎన్నిసార్లు చదివితే ఎంత గుర్తుంటుందో, ఎంత కాలానికి ఎంత మరిచిపోతామో కొలిచాడు. 1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్లను వారాల తరబడి గమనించి గీతలు గీశారు. 1936లో థియోడర్ పాల్ రైట్ అనే ఇంజినీరు విమానాల ఫ్యాక్టరీ లెక్కలు చూపించాడు. తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని తేల్చాడు. అంటే మొదట 100 గంటలు పట్టిన పని, సంఖ్య రెట్టింపైతే 80 గంటలకు, ఇంకోసారి రెట్టింపైతే 64 గంటలకు వస్తుందన్నమాట.

ఇప్పుడు తిరకాసు చూడండి. గ్రాఫులో గీత నిటారుగా లేచిందంటే అర్థమేమిటి? తక్కువ రోజుల్లోనే పని బాగా వచ్చేసిందని. రైట్ గీత కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ నిటారుగా దిగితే ఖర్చు వేగంగా తగ్గిందని. ఎటు చూసినా ‘స్టీప్’ అంటే వేగమే. మరి మామూలు ఇంగ్లిష్‌లో జనం ‘స్టీప్ లెర్నింగ్ కర్వ్’ అని దేన్నంటున్నారు? కష్టమైన పనిని! నిటారు గుట్ట ఎక్కడం ఎంత ఆయాసమో ఈ నేర్చుకోవడమూ అంత ఆయాసమని వాళ్ల మనసులో బొమ్మ. గ్రాఫు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నిఘంటువులూ ఈ వాడుకను ఒప్పుకున్నాయి.

కాబట్టి ఇంటర్వ్యూలో మేడమ్ అడిగిన ప్రశ్న సరైనదే. లెక్కల నేపథ్యం ఉన్నవాళ్లు ఒకటి అనుకుంటారు, హెచ్‌ఆర్ వాళ్లు ఇంకొకటి అనుకుంటారు. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో మీకు తెలియదు. ఏం చేయాలి? వాదనకు దిగకండి. ‘మేడమ్, అసలు గ్రాఫు ప్రకారం చూస్తే...’ అని మొదలుపెట్టినవాడికి ఉద్యోగం వచ్చినట్టు ఎక్కడా వినలేదు. ఆ ముక్క వెంటనే కాలాన్నీ పనినీ జోడించండి చాలు: ‘ఇట్ వాజ్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్. ఐ హ్యాడ్ టు లెర్న్ ద హోల్ సిస్టమ్ ఇన్ టూ వీక్స్’. రెండు వారాల్లో సిస్టమ్ మొత్తం నేర్చుకోవాల్సి వచ్చింది. కష్టమని అనుకునేవాళ్లకు కష్టం కనిపిస్తుంది, వేగమని అనుకునేవాళ్లకు వేగం కనిపిస్తుంది. రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యం గాలిలో వేలాడుతుంది.

2. కర్వ్ పనికి ఉంటుంది, మీకు కాదు

ఎక్కువమంది చేసే తప్పు ఇది. ‘ఐ హ్యావ్ ఎ గుడ్ లెర్నింగ్ కర్వ్’ అంటారు. ‘మై లెర్నింగ్ కర్వ్ ఈజ్ వెరీ హై’ అంటారు. తాను త్వరగా నేర్చుకునే మనిషినని చెప్పడం వాళ్ల ఉద్దేశం. దానికి ‘ఐ లెర్న్ క్విక్లీ’ అనే మూడు మాటలు ఉన్నాయి. అందరికీ అర్థమవుతాయి, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ‘కర్వ్’ పక్కన ‘హై’ అసలు కుదరదు. నిటారుగా ఉంటే ‘స్టీప్’, మెల్లగా లేస్తే ‘జెంటిల్’, అంతే.

సహజంగా వినిపించే వాడుక వేరు. కొత్త పనిముట్టు, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త పద్ధతి వచ్చినప్పుడు ‘దేర్స్ ఎ బిట్ ఆఫ్ ఎ లెర్నింగ్ కర్వ్ విత్ దిస్’ అంటారు. దీనికి చేయి అలవాటు పడటానికి కొంత టైమ్ పడుతుందని. ‘విత్’ తర్వాత ఆ వస్తువు పేరు వస్తుంది. మనిషిని తప్పుపట్టడం ఇందులో లేదు.

దీనికి తెలంగాణలో ప్రతి మండల కేంద్రమూ చూసిన ఉదాహరణ ఉంది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. అంతకుముందు భూమి కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, ఆ తర్వాత మ్యుటేషన్ కోసం తహసీల్దారు ఆఫీసు. ధరణితో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేతికే వచ్చింది. ఏళ్ల తరబడి పహాణీలు, రికార్డులు చూసిన సిబ్బంది ఒక్కసారిగా రిజిస్ట్రేషన్ పని నేర్చుకోవాల్సి వచ్చింది. మీసేవా ఆపరేటర్లు స్లాట్ బుకింగు నేర్చుకున్నారు. రైతులు అసలు స్లాట్ అంటే ఏమిటో నేర్చుకున్నారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, మళ్లీ కొత్త తెరలు, కొత్త మాడ్యూళ్లు. ఆ పోర్టళ్లు మంచివా, చెడ్డవా అన్న గొడవ వేరే. ‘దేర్ వాజ్ ఎ లెర్నింగ్ కర్వ్ విత్ ద న్యూ పోర్టల్’ అన్న వాక్యం మాత్రం ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

మన కుర్రాడు ఇదే చెప్పి ఉండాల్సింది. అతని దగ్గర సరుకు లేక కాదు. మొదటి రోజుల్లో రైతు సర్వే నంబరు చెప్పగానే టైప్ చేసేసేవాడు. బై నంబరు సరిగ్గా చూసుకోకపోతే పక్కవాళ్ల భూమి వివరాలు తెర మీదికి వస్తాయని, ముందు పాస్‌బుక్కు చేతిలోకి తీసుకుని ఖాతా నంబరుతో సహా సరిచూసుకోవాలని తర్వాత అర్థమైంది. చలానా కట్టించే ముందు సాక్షుల ఆధార్లు తెచ్చారో లేదో అడగడం అలవాటైంది. నెల తిరిగేసరికి ఒక్కో స్లాటుకు పట్టే టైమ్ సగానికి వచ్చింది. ఇది ఇంగ్లిష్‌లో నాలుగు చిన్న వాక్యాలు. ‘స్టీప్’ లేకుండానే ఎదుటి మేడమ్ తల ఊపేవారు.

3. అనుభవం ఎన్నేళ్లో చెప్పడం వేరు, ఏం నేర్చుకున్నారో చెప్పడం వేరు

‘ఐ యామ్ హ్యావింగ్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’. ఈ వాక్యాన్ని ఉభయ తెలుగు రాష్ట్రాల్లో రోజూ ఎంతమంది అంటారో! ‘ఐ హ్యావ్ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అనండి, సరిపోతుంది. ఇక్కడ ‘హ్యావింగ్’ వద్దు. పని అనుభవం గురించి చెప్పేటప్పుడు ‘ఎక్స్‌పీరియన్స్’కు చివర ‘స్’ వద్దు. ‘ఎక్స్‌పీరియన్సెస్’ అంటే జీవితంలో ఎదురైన సంఘటనలు: ఊటీ ట్రిప్పు, ఆసుపత్రిలో గడిపిన రాత్రి, అలాంటివి. ‘పాస్ట్ ఎక్స్‌పీరియన్స్’ అనడం తప్పు కాదు గానీ, గతంలోది కాకపోతే అది అనుభవమెలా అవుతుంది? ఇలాంటివి ఒకసారి వింటే దిద్దుకోవచ్చు. ఇంతకంటే లోతైన పొరపాటు ఇంకొకటి ఉంది, అది భాషది కాదు. అయిదేళ్లు చేశాం కాబట్టి అయిదేళ్లపాటూ నేర్చుకుంటూనే ఉన్నాం అనుకోవడం.

దీనికి ఉదాహరణ మన కుర్రాడి మండలంలోనే ఉంది. రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న కోటకు పేరు. పాపన్న కల్లుగీసే గౌడ కులస్థుడు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో కల్లుగీత వృత్తి సాగుతోంది. తాటిచెట్టు ఎక్కే మనిషి నడుముకు మోకు, కాళ్లకు గుజి, వెనక ముత్తాదు. ముప్పయ్యేళ్లు ఎక్కినవాడికి చెట్టును చూడగానే ఎక్కడ బొడిపె ఉందో, ఎక్కడ జారుతుందో తెలిసిపోతుంది. మోకు విదిలించి పైకి జరపడం, ఆ వెంటే కాళ్లు ముడుచుకుని పైకి లాక్కోవడం, మళ్లీ మోకు. ఆలోచించి చేసే పని కాదది. అడిగితే ఎలా చేస్తున్నాడో చెప్పలేకపోవచ్చు కూడా.

2024 జులై 14న రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. పట్టు తప్పినా మనిషి కిందపడకుండా ఆపే తాళ్లు, క్లిప్పులు అందులో ఉంటాయి. ముప్పయ్యేళ్ల అనుభవజ్ఞుడు ఆ కిట్ కట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడనుకోండి. మొదటి రోజు ఏమవుతుంది? నెమ్మదిస్తాడు. చేతులు పాత దారినే వెతుక్కుంటాయి, క్లిప్పు జరపడం మరిచిపోతాయి. పక్కనున్న కుర్రాడు, చెట్టెక్కడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాడు, కిట్టుతోనే మొదలుపెట్టాడు కాబట్టి అతనికి ఆ తడబాటు ఉండదు. పెద్దాయన అనుభవం వృథా అయినట్టా? కానే కాదు. చెట్టు గురించి తెలిసిందంతా అలాగే ఉంది. పనిముట్టు విషయంలో మాత్రం లెక్క మళ్లీ మొదటి నుంచి.

మీ ఉద్యోగంలోనూ ఇదే వరస. పదేళ్లు ట్యాలీలో అకౌంట్లు రాసినవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు, ముప్పయ్యేళ్లు బోర్డు మీద పాఠం చెప్పిన టీచరు ఫోన్ కెమెరా ముందు నిలబడినప్పుడు మొదటి వారం నత్తనడకే. ‘నాకు ఇరవయ్యేళ్ల అనుభవం ఉంది, నాకే చెబుతారా’ అన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. ‘ఐ నో ద వర్క్, బట్ దేర్ ఈజ్ ఎ లెర్నింగ్ కర్వ్ విత్ ద టూల్’ అన్నవాళ్లకు పక్క టేబుల్ పిల్లలు చెప్పడానికి ముందుకొస్తారు. పని తెలుసు, పనిముట్టుకు టైమ్ కావాలి అని చెప్పడమే కదా, ఇందులో పోయే పరువేమీ లేదు.

4. తప్పును దాచడానికి ఈ మాటను దుప్పటిలా కప్పకండి

ఓ ఆఫీసులో ఇన్‌వాయిస్ తప్పు అకౌంటుకు వెళ్లింది. పంపినమ్మాయి మీటింగులో ‘ఇట్ వాజ్ ఎ లెర్నింగ్ కర్వ్ ఫర్ మీ’ అంది. మేనేజరు ముఖం మారిపోయింది. ఎందుకంటే ఒక్కసారి జరిగిన తప్పు కర్వ్ కాదు, ఒక చుక్క. చుక్కను చూపించి గీత అంటే ఎవరు ఒప్పుకుంటారు? అలాంటప్పుడు వాడాల్సిన మాట ‘ఐ లెర్న్‌డ్ దిస్ ద హార్డ్ వే’, అంటే దెబ్బ తిని తెలుసుకున్నాను అని. ఆ వెంటనే ఏం తెలిసింది, ఇప్పుడు ఏం మార్చారు అన్న రెండూ చెప్పాలి. దీన్నీ ప్రతిదానికీ వాడకూడదు. నష్టం జరిగినప్పుడే ‘హార్డ్ వే’. ఎవరో ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పిన పనికి ఆ మాట అంటే నేర్పినవాళ్లు నొచ్చుకుంటారు. అలా పనిలో ఉండగా మెల్లగా పట్టుబడినదానికి ‘ఐ పిక్డ్ ఇట్ అప్ ఆన్ ద జాబ్’ ఉంది.

వైఫల్యం గురించి మాట్లాడమంటే మన స్పీకర్లంతా శ్రీహరికోటకు వెళ్లిపోతారు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది, రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ తానే వెళ్లారు. 1980 జులై 18న రెండోసారి ప్రయోగించి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు కలాంను మాట్లాడమన్నారు. కథ గొప్పదే, లక్షసార్లు విన్నాం. కానీ ఇందులో ఎవరూ చెప్పని భాగమే మీకు పనికొచ్చేది. మొదటి ప్రయోగం తర్వాత వాళ్లు ‘అనుభవం వచ్చింది’ అని ఊరుకోలేదు. సమాచారమంతా ముందేసుకుని, రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోక ఆమ్లం ముందే కారిపోయిందని తేల్చారు. ఏడాది తిరగకముందే మళ్లీ ఎగిరింది. మీరు మీ వైఫల్యం గురించి చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు ఎదురుచూసేది ఆ వాల్వు కోసమే. ఏది కారింది? ఎలా కనిపెట్టారు? దాన్ని ఏం చేశారు?

5. ఒక ఊరి గీతను చూసి మీది రాసుకోండి

రఘునాథపల్లికి ఆనుకుని ఉన్న లింగాలఘనపురం మండలంలో ఏనబావి అనే చిన్న పల్లె ఉంది. యాభై చిల్లర కుటుంబాలు. 2006లో ఈ ఊరివాళ్లు తమ పొలాల్లో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడబోమని ప్రకటించుకున్నారు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పూర్తిగా సేంద్రియ సాగుకు మారిన తొలి ఊరిగా పేరొచ్చింది. బయటినుంచి చూసేవాళ్లకు 2006 ఒక్కటే కనిపిస్తుంది. అసలు కథ అంతకు చాలా ముందే మొదలైంది.

ఆముదం చేలపై ఎర్ర గొంగళి పురుగు దండులా పడేది. మందు కొట్టినా లొంగేది కాదు, ఎందుకంటే ఎదిగిన పురుగు ఒంటినిండా నూగుతో ఉంటుంది. జనగామలోని ‘క్రాప్స్’ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో ఊరివాళ్లు పురుగును వదిలేసి దాని పుట్టుకను పట్టుకున్నారు. తొలకరి వానలు పడగానే భూమిలోని ప్యూపాల నుంచి రెక్కల పురుగులు బయటికొస్తాయి, రాత్రి వెలుగు దగ్గరికి చేరతాయి. కాబట్టి వాన పడిన రాత్రుళ్లు చేలల్లో మంటలు వేయాలి. ఒక్కడు వేస్తే లాభం లేదు. పక్క చేనులో గుడ్లు పెడితే పిల్లలు నీ చేనుకే వస్తాయి. ఊరంతా ఒకే రాత్రి వేయాలి. ఇది మొదటి పాఠం. అది పనిచేసిందని కళ్లారా చూశాక వేప కషాయాలు, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయాల వైపు వచ్చారు. పురుగుమందులు తగ్గాయి. ఆ తర్వాతే ఎరువుల జోలికి వెళ్లారు: చెరువు మట్టి, పశువుల ఎరువు, వానపాముల ఎరువు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగు దాడితో, అప్పులతో ఎలా కూలిపోయారో తెలిసిన ప్రాంతమిది. అలాంటిచోట మందు సీసా పక్కన పెట్టడం ఒక్క మీటింగుతో అయ్యే పని కాదు.

ఇప్పుడు గమనించండి. ఈ ఊరి అనుభవాన్ని ‘దే లెర్న్‌డ్ ఫ్రమ్ ఎక్స్‌పీరియన్స్’ అని ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు. వాక్యంలో తప్పేమీ లేదు, ‘ఫ్రమ్’ కూడా సరైన చోటే ఉంది. కానీ విన్నవాళ్లకు ఏం తెలిసింది? ఒక పురుగు, ఒక పంట, ఊరంతా కలిసి వేసిన మంట, ఆ తర్వాత మందు, ఆ తర్వాత ఎరువు. ఈ వరస చెబితేనే అది గీత అవుతుంది.

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఉద్యోగంలో ఒకే ఒక పని ఎంచుకోండి. మొత్తం ఉద్యోగం వద్దు, ఒక పని. మొదటి రోజు అది ఎంతసేపు పట్టింది, ఎక్కడ తప్పు పోయింది? మొదటి మార్పు ఏది? అది ఎవరు చూపించారు, మీకే తట్టిందా? ఇప్పుడు ఎంతసేపు పడుతోంది? తెలుగులోనే రాసుకోండి, ఇంగ్లిష్ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఇంగ్లిష్ వాక్యం కంఠస్థం పట్టి, దానికి సరిపోయే అనుభవం వెతుక్కుంటారు. ఆ అతుకు వెంటనే తెలిసిపోతుంది.

6. గీత ఆగిపోయిన చోటును దాచకండి

బ్రయన్, హార్టర్‌ల టెలిగ్రాఫ్ గీతల్లో ఓ విచిత్రం కనిపించింది. సందేశం పంపడంలో నేర్చుకునేవాళ్లు దాదాపు క్రమంగా మెరుగయ్యారు. అందుకోవడంలో మాత్రం కొంతదూరం వచ్చాక వారాల తరబడి అక్కడే ఆగిపోయారు. రోజూ సాధన చేస్తున్నా గీత బల్లపరుపుగా ఉండిపోయింది. ఉన్నట్టుండి మళ్లీ లేచింది. ఆ ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన కారణం: ముందు ఒక్కో అక్షరాన్ని విని పోల్చుకుంటున్నారు, ఆగినట్టు కనిపించిన కాలంలో మాటలకు మాటలే ఒక్కసారిగా వినిపించడం లోలోపల అలవాటవుతోంది.

పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే చోట ఓ పూట కూర్చున్నా ఇలాంటిది కనిపిస్తుంది. కొత్తగా చేరిన చెయ్యి ఉలి మీద చూపు పెట్టి ఒక్కో దెబ్బ లెక్కపెడుతుంది. ఆరితేరిన చెయ్యి తీగ మొత్తాన్నీ ఒకే ఊపులో లాగేస్తుంది, కళ్లు మాత్రం తర్వాత రావాల్సిన ఆకు మీద ఉంటాయి.

కాబట్టి ‘ఇప్పటికీ మీకు నెమ్మదిగా నడిచే పని ఏది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘ఏమీ లేదు సార్’ అనకండి. అలా అన్నవాళ్లను ఎవరూ నమ్మరు. ‘ఐ యామ్ స్టిల్ ఆన్ ఎ లెర్నింగ్ కర్వ్ విత్ ఎక్సెల్ రిపోర్ట్స్. ఐ కెన్ డూ ద బేసిక్ వన్స్, బట్ ద మంత్లీ సమ్మరీ స్టిల్ టేక్స్ మీ హాఫ్ ఎ డే’. చిన్న రిపోర్టులు వస్తాయి, నెలవారీది మాత్రం ఇంకా సగం రోజు తింటోంది. ఇది ఒప్పుకోలులా ఉన్నా, మీ పని మీద మీకు లెక్క ఉందని చెబుతుంది. ‘విత్’ తర్వాత పని పేరు పెట్టారు, ఎక్కడిదాకా వచ్చారో చెప్పారు, ఎక్కడ ఆగారో చెప్పారు. అయితే అడిగిన ఉద్యోగమే రిపోర్టులు రాసేదైతే ఈ ఉదాహరణ మార్చుకోండి, అంత అమాయకత్వం కూడా పనికిరాదు.

ఒక్కోసారి ఆ మాట అవతలినుంచే వస్తుంది: ‘దేర్ విల్ బి ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్ హియర్. ఆర్ యూ ఓకే విత్ దట్?’ చాలామంది కంగారుగా ‘యెస్ సార్, నో ప్రాబ్లమ్’ అనేస్తారు. కొందరు ‘ఐ యామ్ ఎ ఫాస్ట్ లెర్నర్’ అని గడగడా అప్పజెబుతారు. అంతకంటే నిదానంగా ఓ ప్రశ్న అడగండి: మొదటి నెలలో నా చేత ఏయే పనులు చేయిస్తారు, వాటిని ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ‘వాట్ వుడ్ యూ ఎక్స్‌పెక్ట్ మీ టు హ్యాండిల్ బై ద ఎండ్ ఆఫ్ ద ఫస్ట్ మంత్, అండ్ హూ వుడ్ ఐ బి లెర్నింగ్ ఫ్రమ్?’ కొందరు మేనేజర్లు కుర్చీలో ముందుకు జరిగి వివరంగా చెబుతారు. ఫలానా టీములో వేస్తాం, రెండు వారాలు సీనియర్ పక్కన కూర్చోవాలి, మూడో వారం నుంచి సొంతంగా అని. ఇంకొందరు ‘అదంతా చేరాక చూద్దాం’ అని మాట మార్చేస్తారు. అక్కడ నేర్పేవాళ్లు ఎవరూ లేకపోవచ్చు. జీతం గురించి మాట్లాడే ముందే ఆ సంగతి మీకు తెలిసిపోయింది.